చింతానివారణము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. ఆ గృహములలో చదువుకొను పిల్లల మనస్సును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని.

పరీక్షాఫలితములు వెలువడు దినములలో ఎందఱో బాలబాలికలకు నిదుర పట్టదు. నోరెండును, చేతులు వణకును, గుండె దడదడలాడును. ఇది పిఱికితనము కాదు. ఆపద తోచినపుడు దేహము తన్ను తాను సంసిద్ధము చేసికొను విధమిది. ఆపద యెదుట లేకున్నను ఊహ దానిని విడువక చూపుచుండుటయే చింత.

ఆ ఊహ యెట్లు పెరుగునో వాల్మీకిమహర్షి సుందరకాండమున చూపినాడు. రావణాంతఃపురమెల్ల వెదకియు సీతను గానని హనుమంతుడు, తాను రిక్తహస్తములతో మరలినచో రాముడు జీవింపడనియు, పిదప లక్ష్మణుడును, భరతశత్రుఘ్నులును, తల్లులును, సుగ్రీవుడును, తుదకు వానరులెల్లరును నశింతురనియు తలపోసెను. ప్రాణత్యాగమునకు సైతము సిద్ధపడెను. పిమ్మట బ్రదికియున్నచో శుభము కలుగవచ్చునని నిశ్చయించుకొని, తాను వెదకని చోటేదని చూచెను. అశోకవనము కంటబడినది. సీత తప్పక దొరకునని యాతడు తన్ను తాను మభ్యపెట్టుకొనలేదు. మిగిలిన పని యేదో చూచుకొనెను. సద్భావన యనగా నిదియే.

అయితే ఆ మహావీరుడు అంతకుమున్ను సముద్రతీరమున మౌనముగా నొకవైపు కూర్చుండినవాడే. ఆతని బల మాతనికి జ్ఞప్తి చేసినవాడు జాంబవంతుడు. వార్ధక్యముచే సముద్రమును దాటజాలని యా పెద్ద, తన మాటచే వేఱొకని దాటించెను. చింతాగ్రస్తునకు స్వధైర్య మొక్కటియే చాలదు. ప్రక్కన నొక మనుష్యుడు వలయును.

మన సంఘమున జాంబవంతులకు కొదువ లేదు. కావున నా మనవి యిది. ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులైనవారికి మనము పూలమాలలు వేయుచున్నాము, మంచిదే. తప్పినవాని యింటికి ఫలితములు వచ్చిన నాటి సాయంకాలమే ఇద్దఱు పెద్దలు పోవలయును. మందలింపక, ఇతరులతో పోల్చక, ముందుగా వాడు చెప్పునది విందురు గాక. మరల పరీక్ష వ్రాయు అవకాశము కలదని పిదప చెప్పుదురు గాక. వసతిగృహములలో వారమున కొకసారి పిల్లలతో కూర్చుండి మాటలాడు నియమము నేర్పఱుపుడు.

నిదురాహారములు చాలదినములు చెడినచో, బ్రదుకుపై విరక్తి మాటలలో తోచినచో, సంకోచింపక వైద్యునికి చూపవలయును. ఇందులో కులగౌరవమునకు లోపమేమియు లేదు. భారతప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీమానస్ అను సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు, తెలుగులోనే, ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆ సంఖ్యను ప్రతి వసతిగృహపు గోడపై వ్రాయింప ప్రార్థించుచున్నాను.

మేడలు కట్టించిన దాతలు ధన్యులు. అందు నివసించు నొక్క బిడ్డ ప్రాణమును మాటచే నిలిపినవారు అంతకంటెను ధన్యులు.

స్వస్తి.