దూరపు దస్త్రములు – తెరచుకొనని తలుపు



దస్త్రములొకచోట, వానితో పనిగలవాడు వేరొకచోట ఉండు కాలము వచ్చినది. పట్టణములోని కార్యాలయపు కంప్యూటరులో లెక్కలుండును. వ్రాయవలసినవాడు పల్లెలో తన యింట కూర్చుండును. ఆ రెంటి నడుమ ఇంటర్నెట్టు మీదుగా పరులు చూడలేని గుప్తమార్గము వేయుటనే వీ.పీ.ఎన్. అందురు. మార్గము కుదిరినదని తెర చెప్పును. షేర్డ్ ఫోల్డరు మాత్రము తెరచుకొనదు. పని నిలిచిపోయినవాడు పాస్‌వర్డును పదిమార్లు కొట్టును. దోషము చాలసార్లు అచట లేనే లేదు.

మొదట చూడవలసినది పేరు. ఒకే కార్యాలయములోని యంత్రములు దండోరా వేసినట్లు తమ పేర్లను చాటి ఒకదానినొకటి గుర్తించుకొనగలవు. ఆ దండోరా పొలిమేర దాటదు. గుప్తమార్గము సాధారణముగా దానిని మోయదు. కావున పేరునకు మారుగా ఆ యంత్రపు ఐ.పీ. చిరునామాను అంకెలలో వ్రాసి చూడవలెను. అంకెలకు తెరచుకొని పేరునకు తెరచుకొననిచో, పేరును చిరునామాగా మార్చు డి.ఎన్.ఎస్.లోనే లోపము. వీ.పీ.ఎన్. నడచునపుడు కార్యాలయపు డి.ఎన్.ఎస్.నే అడుగునట్లు సవరించిన చాలును.

అంకెలకును లొంగనిచో చిరునామాల తగాదాను శంకింపవలెను. ఇది మిక్కిలి వింతయైనది. 192.168తో మొదలగు చిరునామాలు ఎవరి యింట వారు వాడుకొనుటకు విడువబడినవి. ఇంటి రౌటరును, కార్యాలయమును ఒకే 192.168.1 వరుసను వాడుచుండవచ్చును. రెండు గ్రామములలోను 45వ సర్వే నంబరు ఉండును గదా! గ్రామము పేరు చెప్పనిచో కొలత గొలుసు పట్టినవాడు దగ్గరి పొలమునకే పోవును. అట్లే కంప్యూటరు కార్యాలయపు యంత్రమును ఇంటిలోనే వెదకి, లేదని చెప్పును. ఇంటి రౌటరులో వరుసను మార్చుట సులభమైన మందు.

విండోసు వాడు ఎస్.ఎం.బీ. పద్ధతికి ద్వారము 445వ పోర్టు. అవతలి ఫైర్‌వాలు తన వరుసలోని వారినే రానిచ్చి, వేరు వరుసనుండి వచ్చు వీ.పీ.ఎన్. వారిని ఆపుచుండవచ్చును. ఆ వరుసను కూడ అనుమతింపవలెను. ఫోల్డరు తెరచుకొని, పెద్ద ఫైలు నడుమ నిలిచిపోవుచో సంగతి వేరు. సాధారణపు పొట్లము కొలత 1500 బైట్లు, వీ.పీ.ఎన్. దానిని మరియొక కవరులో పెట్టును గనుక లోపల చోటు తగ్గును. వైర్‌గార్డులో 1420 సామాన్యము. ఇంకను ఇరుకైనచోట మరికొంత తగ్గింపవలెను.

విసుగెత్తి 445వ ద్వారమును నేరుగా ఇంటర్నెట్టునకు తెరచువారు కలరు. 2017 మే నెలలో వన్నాక్రై ఎస్.ఎం.బీ. మొదటి రూపపు లోపమును పట్టుకొని దేశదేశముల ప్రాకి, బ్రిటనులో ఆసుపత్రుల పనిని స్తంభింపజేసెను. మైక్రోసాఫ్టు మార్చిలోనే సవరణను విడుదల చేసియుండెను, వేసికొననివారే చిక్కిరి. నేటి విండోసు ఆ మొదటి రూపమును సహజముగా వాడదు. అది తప్ప వేరెరుగని పాత నిల్వపెట్టె యున్నచో, దాని ప్రక్కనే కూర్చున్నను ఫోల్డరు తెరచుకొనదు. మార్పవలసినది ఆ పెట్టెను, వీ.పీ.ఎన్.ను గాదు.