అందరి చాచా
(సంస్మరణ సభలో కుటుంబం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఆయన మాకు చిన్నాన్న. మా నాన్నగారి తమ్ముడు కనుక చాచా అన్నాము. కానీ మల్లయ్యలూ, యాదమ్మలూ కూడా ఆయనను చాచా అనే పిలిచారు. ఆ పిలుపు మా ఇంటి సొత్తుగా ఎన్నడూ మిగలలేదు.

ఆయన 1932లో నల్లగొండ జిల్లాలో పుట్టి, 92 ఏళ్లు జీవించారు. చదువంతా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసేనాటికి ఆయనకు పదహారేళ్లు. ఆ తరువాతి నెలలలో ఎందరు ముస్లింలు ప్రాణాలు, ఇళ్లు, కొలువులు పోగొట్టుకున్నారో ఈ సభలోని పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. వలస పోవడం గురించి మా ఇంట్లోనూ మాటలు నడిచాయి. చాచా ఊరు విడువలేదు. 1953లో తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరారు. కచేరీ భాష మారిపోతున్న రోజులవి. ఇంగ్లీషును పుస్తకాల నుండి, కచేరీ తెలుగును పక్క బల్ల మీది పంతులుగారి నుండి నేర్చుకున్నారు. ఆ పంతులుగారు బతికి ఉన్నంతకాలం దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చేసుకొని వచ్చిన తరువాతనే చాచా భోజనానికి కూర్చునేవారు.

కలుపుగోలుతనం ఆయన స్వభావమని ఇప్పటివరకు మాట్లాడినవారందరూ అన్నారు. నిజమే. బజారుకు పోయి రావడానికి ఆయనకు ఒక పూట పట్టేది. "కొత్తిమీరకు పంపితే ఊరి ముచ్చట్లన్నీ మోసుకొస్తారు, కొత్తిమీర మరిచిపోతారు" అని చాచీ నవ్వుతూనే విసుక్కునేవారు. అయితే ఆ ముచ్చట్లు ఉబుసుపోక చెప్పుకున్నవి కావు. ఎదురుపడిన మనిషిని ముందు "ఎవరింటి బిడ్డవు?" అని అడిగేవారు. తాత పేరు, బావి పేరు, చెలక పేరు, గట్టు అవతలి వారి పేరు ఒక్కొక్కటిగా రాబట్టేవారు. కాగితం మీది పేరును బతికున్న మనిషితో కలిపి చూడడమే రెవెన్యూ పనిలో సగభాగం అని ఆయన నమ్మకం. పెళ్లిళ్లలో, దినాలలో, పీర్ల పండుగ అలావా దగ్గర ఆయన చేసింది ఒక విధంగా ఆ కొలువే.

ఆ కాలపు భూమి కాగితాల సంగతి యువకుల కోసం కొంత చెప్పాలి. సేత్వార్, వసూల్ బాకీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు. తెలంగాణలో ఒక కుటుంబానికి భూమి మీద హక్కు ఉందా లేదా అన్నది నేటికీ వీటి దగ్గరే తేలుతుంది. వీటిలో చాలా భాగం ఉర్దూలో ఉంది. అదీ పాఠ్యపుస్తకాల ఉర్దూ కాదు, షికస్తా అనే గొలుసుకట్టు రాత. చుక్కలు ఉండవు, ఒక మాట మరొక మాటలోకి జారిపోతుంది. సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. ఫసలీ 1364 అంటే 1954-55 అని తెలియకపోతే కాగితం చేతిలో ఉన్నా లేనట్లే. 1990లో పదవీ విరమణ చేసిన నాటి నుండి చాచా ఇంటి అరుగు మీద ఈ కాగితాలు చదివి, తెలుగులో రాసి ఇచ్చారు. రుసుము తీసుకోలేదు, చాయ్ తాగించి పంపారు. 2020లో ధరణి వచ్చిన తరువాత తమ పేరు కనబడని రైతులు పాత నకళ్లు పట్టుకొని రాసాగారు. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. భూతద్దంతో చదివేవారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఒక గ్రామంలో ఖబరస్తాన్ హద్దుల తగాదా వచ్చింది. మనవాళ్లు రెండెకరాలు అన్నారు. చాచా పాత రికార్డు చదివి, ఒక ఎకరం పన్నెండు గుంటలు అని చెప్పారు. "మన మనిషివై ఉండి ఇలా చదువుతావా?" అని పెద్దలు కొందరు కోపగించుకున్నారు. "రాసి ఉన్నదే చదువుతాను. లేనిది ఈరోజు నేను చదివితే, రేపు ఉన్నదాన్ని చదివినా ఎవరూ నమ్మరు" అన్నారు. రెండేళ్లపాటు ఆ గ్రామం నుండి ఎవరూ మా గడప తొక్కలేదు. తరువాత పక్క భూమి యజమాని ఆ పన్నెండు గుంటలలోకి కడీలు పాతినప్పుడు, చాచా చదివిన కాగితాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. కడీలు లేచిపోయాయి, గోడ లేచింది. మనకు దక్కవలసినది రెండెకరాలని నమ్మేవారు నేటికీ అక్కడ ఉన్నారు. వారి జనాజాలకు కూడా చాచా వెళ్లారు.

పేర్ల విషయంలో మాత్రం ఆయన కఠినులు. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, మరొక దానిలో మొహమ్మద్, ఇంకొక దానిలో ఎం.డి. అవుతాడు. తండ్రి పేరులో షేక్ ముందు ఉంటుంది, కొడుకు పేరులో వెనక్కు పోతుంది. రాసే గుమాస్తాకు అది అరనిమిషపు అలసట, ఓటరు జాబితా సవరణ వచ్చిన రోజున ఆ కుటుంబానికి నెలల తిరుగుడు. బిడ్డను బడిలో వేయబోయే ప్రతి తల్లికీ పేరును మూడు భాషలలో ఒక చీటీ మీద రాసి ఇచ్చి, "ఎక్కడైనా ఇదే రాయించు, బేటీ" అనేవారు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు, 75 ఏళ్ల వయసులో, ధ్రువపత్రాల కోసం వచ్చిన పిల్లల దరఖాస్తులు తన చేతితో నింపారు. దూదేకుల సోదరులకు అది వర్తించదని, వారు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారని ఓపికగా వివరించి, సరైన దరఖాస్తు రాసి పంపేవారు. ప్రభుత్వ కొలువులలో ముస్లింలు జనాభా నిష్పత్తికి చాలా తక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ లోటు ఎలాంటిదో ఆయన అరుగు మీది రద్దీలో మేము చూశాము. కచేరీలో తమ మాట అర్థమయ్యే మనిషి ఒక్కరైనా ఉంటే, అంతమంది పింఛనుదారు ఇంటికి ఎందుకు వస్తారు?

చాచా వద్ద షికస్తా చదవడం మా ఇంట్లో ఒక్క అమ్మాయే నేర్చుకుంది. ఆయన ట్రంకు పెట్టెలో పదకొండు నోటు పుస్తకాలు ఉన్నాయి. ఏ అక్షరం ఏ రూపంలో రాసేవారో, ఏ మాటను ఎలా కుదించేవారో వాటిలో నమూనాలతో సహా రాసిపెట్టారు. ఉర్దూ తెలిసిన యువతీయువకులు ఎవరు వచ్చినా ఆ పుస్తకాలు ముందుపెట్టి నేర్పడానికి ఆ అమ్మాయి సిద్ధంగా ఉంది. వచ్చే శుక్రవారం అసర్ నమాజు తరువాత అరుగు మీద చాప వేస్తాము. కాగితాలు ఉన్నవారు అసలు ప్రతులు ఇంట్లో భద్రపరచి, నకళ్లు మాత్రమే తీసుకొని రండి.