విశ్రాంత జీవనము – వృద్ధుల క్షేమము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వృద్ధుల క్షేమమును గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. మొదటి యేట చందా కట్టిన ఉద్యోగులలో పలువురు నేడు పింఛను పుచ్చుకొనుచున్నారు. కావున ఇది ఈ సభకు తగిన విషయమే.

మన రాష్ట్రమున ఉద్యోగ విరమణ వయస్సు 1983లో 58 నుండి 55కు తగ్గినది. కొలది కాలమునకే మరల 58 అయినది. 2014లో 60, 2022లో 62 అయినది. ఇన్ని మారులు మారిన అంకెను బట్టి మనుష్యుడు వృద్ధుడగుట యెట్లు? నిన్నటివరకు పాఠము చెప్పిన ఉపాధ్యాయునకు పూలదండ వేసి, శాలువ కప్పి, ఇంటికి సాగనంపుదుము. మరునాటి ఉదయము ఆయన ఎక్కడికి పోవలెనో ఎవరును చెప్పరు.

మన తడకు తూర్పున పులికాట్ సరస్సు కలదు. అచ్చటి జాలరులకు విరమణ దినమనునది లేదు. పడవ నెక్కలేని పెద్ద గట్టున కూర్చుండి వల చిరుగులు బాగుచేయును. వేటకు వంతులు నిర్ణయించు ‘పాడు’ అను కట్టుబాటు ఆ తీరమున తరతరములుగా వచ్చుచున్నది. వంతుల మాట వచ్చినను, గాలి తీరు మారినను పడుచువారు ఆ పెద్దనే అడుగుదురు. అచ్చటి పేదరికమును నేను పొగడబోను. అయినను ఆ ముసలివానిని అడుగు మనుష్యుడున్నాడు. విశ్రాంత ఉద్యోగికి కొరవడునది ఆ అడుగుటయే.

ధనము మాట విడువరాదు. చేతిలో తన రూపాయి లేనివానికి వేదాంతము చెప్పుట క్రూరము. పింఛను దయాధర్మము కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పినది. అందుచేతనే పింఛనుదారులు ఆ దినమును తమ పండుగగా జరుపుకొందురు. నిరుపేద వృద్ధులకు కేంద్రప్రభుత్వ పథకము 1995లో వచ్చినది. మన రాష్ట్రమున వృద్ధాప్య పింఛను 2024లో 4000 రూపాయలైనది. పిల్లలు పోషింపనిచో అర్జీ పెట్టుకొనుటకు 2007 నాటి చట్టము కలదు. కాని కన్నబిడ్డపై అర్జీ వ్రాయుటకు ఏ తల్లికి చేయి వచ్చును?

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1938లో మొదలుపెట్టి, వందలమంది జీవితములను దశాబ్దముల తరబడి పరిశీలించిరి. ముదిమిలో ఆరోగ్యమును నిలుపువానిలో ఆప్తుల సాంగత్యము ముఖ్యమని వారికి తేలినది. మన రచ్చబండకు ఇది పూర్వమే తెలియును!

ఒక్క మాట. విరమణ పురుషునకే గాని స్త్రీకి లేదు. భర్త ఇంట కూర్చున్న నాటినుండి ఆమెకు మరి రెండు మారులు కాఫీ కాచు పని పెరుగును. ఆయన కొన్ని గంటలు వెలికి వచ్చుట ఆమె క్షేమమునకును అవసరమే.

ఆయన వచ్చుటకు చోటేది? మన గ్రంథాలయము మధ్యాహ్నము మూసియుండును. ఆ వేళ తాళపుచెవిని విశ్రాంత ఉద్యోగుల కిండు. వారు చూపు తగ్గినవారికి పత్రిక చదివి వినిపింతురు. బడి విడిచిన పిల్లలకు లెక్కలు చెప్పుదురు. ఏటేటా తాము బ్రతికియున్నట్లు ధ్రువపత్రము నీయవలసిన పింఛనుదారులకు, వ్రేలిముద్ర పడక తిరుగుచున్నవారికి, తోడుపోయి పని చక్కబెట్టుదురు. అక్షరము రాని అవ్వలు వచ్చి కూర్చుండునట్లు వారమున కొకనాడు పురాణమో నవలయో చదివింపుడు. ఇందుకు క్రొత్త భవనమక్కరలేదు. రెండు బల్లలు, ఒక ఫంకా చాలును.

పాలకవర్గమువారు ఈ సంగతి నేడే తేల్చవలెనని నా మనవి. పేర్లు వ్రాయుటకు కాగితము తెచ్చినాను. మొదటి పేరు నాది వ్రాసియున్నాను. కలము బల్లమీద నున్నది.