చెరకు వెన్ను
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్ములను సాహిత్య విషయమేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరినారు. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. రైల్వే ఆఫీసు కాగితములలో అలంకారములుండవు. కనుక సుమతీ శతకములోని ఒక్క పద్యమును పట్టుకొని పెరటిలోనికి పోవుచున్నాము. చివర వెన్ను వేసిన చెరకు చప్పబడునని, కొరగాని కొడుకు తండ్రి గుణములకు అట్టివాడని మనమందరము బడిలో వల్లించినాము గదా.

కాట్పాడిలో మా క్వార్టర్సు వెనుక ఆరు కుదుళ్ళ చెరకున్నది. అది గుడియాత్తం నుండి వచ్చినది. అక్కడ కౌండిన్య నది ప్రక్కన మా అత్తవారి వైపు పెద్దాయన తాతలనాటి నుండి చెరకు పెట్టినవారు. నీళ్ళు చాలక మానుకొన్నారు. ఆ చెరకుకు పేరేమో ఆయనకే తెలియదు, "మన చెరకు" అనేవారు. సంక్రాంతికి వేలూరు బజారులో గుట్టలు పోసే నల్ల చెరకు వంటిది కాదు. పసుపు పచ్చగా, పండ్లకు మెత్తగా ఉండును. పొలము దున్నించక ముందే ఒక గోనెడు ముచ్చెలు తెచ్చుకొన్నాము. మేము విచారించినంతవరకు ఇప్పుడది మా పెరటిలో తప్ప లేదు.

నాటుట కష్టము కాదు. గడ పైభాగమును మూడు కళ్ళ ముచ్చెలుగా నరకవలెను. నరికినచోట లోపల ఎర్రగా కనబడితే అది ఎర్రకుళ్ళు, దానిని పారవేయవలసినదే. కళ్ళు ప్రక్కలకు వచ్చునట్లు కాలువలో పడుకోబెట్టి, పశువుల ఎరువు కలిపిన మన్ను కప్పి తడుపవలెను. ఎదిగిన పిమ్మట ఎండుటాకులతో జడచుట్టినచో గాలికి పడదు.

మొన్న కార్తీకములో నాలుగు కుదుళ్ళు వెన్ను వేసినవి. వీథి దీపము క్రింది రెండు వేయలేదు. దానికి కారణమున్నది. చెరకు పూయుటకు తగినంత నిడివిగల చీకటి, వరుసగా కొన్ని రాత్రులు, ఎడతెగక కావలెను. నడిరేయి వెలుగు పడినచో పూత ఆగును. (మునిసిపాలిటీ దీపము ఆ నెలలలో వెలుగుట కూడ ఒక విశేషమే.)

ప్రక్కింటి అవ్వ, "నాయనా, ఇంట్లో వెన్ను మంచిది కాదు, కొట్టివేయి" అన్నది. మా ఆఫీసు కుర్రవాడు, "అన్నగారూ, పుప్పొడి దులిపి విత్తనము పట్టండి, మీ మామగారి చెరకును ఇంటింటా మొలిపిద్దాము" అన్నాడు.

విత్తనము పట్టుట కల్ల కాదు. 1912లో కోయంబత్తూరులో స్థాపించిన చెరకు పరిశోధన సంస్థ పని అదే. ఉత్తరదేశములో సరిగా పూయని చెరకులు అక్కడ చక్కగా పూయును. బార్బరు దొర, టి. యస్. వెంకట్రామన్ గారు తీపి చెరకును రెల్లుతో కలిపినారు. మన ఏటి ఒడ్డున తెల్లగా ఊగే ఆ రెల్లే! ఆ సంకరము నుండి వచ్చిన కో 205 రకము 1918లో ఉత్తరదేశపు రైతులకు అందినది. రెల్లు మొండితనము, చెరకు తీపి దానికి కలిసివచ్చినవి.

పద్ధతి యిది. పుప్పొడి సత్తువ లేని వెన్నును తల్లిగా ఎంచి, గుడ్డ గూడు కట్టుదురు. తండ్రి వెన్నులను కోసి నీళ్ళలో నిలిపి, దానిపై పుప్పొడి రాలునట్లు దగ్గర పెట్టుదురు. విత్తనము దూదిలో దాగిన అతి సన్నని గింజ. దూదితో సహా చల్లవలెను. మొలక గడ్డిపోచ వలె ఉండును.

అయితే ఆ మొలకలలో ఏ రెండూ ఒక్కతీరున ఉండవు. ఒకటి సన్నము, ఒకటి చప్పన, ఒకటి గట్టి. వేలకొలది పెంచి, ఏళ్ళ తరబడి ఏరి, ఏ కొన్నింటినో నిలుపుదురు. అవి క్రొత్త చెరకులే కాని మామగారి చెరకు కాదు. ఆయన చెరకు ఆయన చెరకుగానే ఉండవలెనంటే ముచ్చె ఒక్కటే దారి. కుర్రవానికి ఇదే చెప్పినాము; కొంచెము చిన్నబుచ్చుకొన్నాడు. రెండు వెన్నులు వానికే ఇచ్చినాము, కుండీలో చల్లి చూచుకొమ్మని.

అవ్వ మాట కూడ వట్టిది కాదు. వెన్ను రాగానే తీపి పోదు గాని, గడ ఎదుగుట ఆగును. నెలల తరబడి వదలితే పైకణుపులు బెండువారి రసము తగ్గును. శతకకారుడు పొలము చూచినవాడే. అందుచేత వెన్ను వేసిన గడలను సంక్రాంతికే కొట్టి పిల్లలకు పంచినాము.

దీపము క్రింది రెండు కుదుళ్ళు ముచ్చెల కొరకే ఉంచినాము. వచ్చే ఆదివారము నరకుదుము. పెరడున్నవారు గోనె తెచ్చుకొనవలెను. మనిషికి ఆరు ముచ్చెలకు మించి లేవు.