అడవి కాచినవారి వాటా – దయ కాదు, హక్కు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో అడవుల మాటేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. పింఛను సర్కారు దయాధర్మం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తేల్చింది. ఆ తేదీనే మనం పండుగ చేసుకుంటున్నాము. అడవిని, చెరువును కాచేవారికీ అదే న్యాయం వర్తించాలని నా మనవి.

గాలిలో పెరిగిపోతున్న బొగ్గుపులుసు వాయువును చెట్లు పీల్చి తమలో దాచుకుంటాయి. 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల మేరకు ఇలా నిలవ చేస్తామని పారిస్ ఒప్పందం సందర్భంగా 2015లో మన దేశం మాట ఇచ్చింది. కార్బన్ క్రెడిట్ల బేరం కూడా ఒకటి ఉన్నది. ఒకరు వదిలిన పొగకు పరిహారంగా, మరొకచోట తగ్గిన పొగను లెక్కగట్టి కొనడమే ఆ బేరం.

అది తెలుగు నేలకు ఎప్పుడో వచ్చింది. ఆదిలాబాద్ ప్రాంతంలో పవర్‌గూడ అనే గిరిజన గూడెం ఉన్నది. అక్కడి మహిళా సంఘాలవారు కానుగ చెట్లు పెంచారు. మన డెల్టా రైతులు మడిలో తొక్కించే కానుగ రొట్ట ఆ చెట్టుదే. దాని నూనెను డీజిలుకు బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల వాయువు తగ్గుతుందని లెక్కవేసి, 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మారకం ప్రకారం సుమారు 29 వేల రూపాయలు, అంటే టన్నుకు రమారమి రెండు వందలు. మొత్తం చిన్నదే. అయినా అది చెట్టు పెంచిన ఆడవారి చేతికే చేరింది.

అన్నిచోట్లా అలా జరగదు. మన కొల్లేరునే చూడండి. 1970లలో బీదల సొసైటీల పేరిట చేపల చెరువులు ఇచ్చారు. కాలక్రమాన చాలా చెరువులు లీజుల మీద డబ్బున్నవారి చేతికి పోయాయి. రిజిస్టరులో పేరు ఒకరిది, రాబడి మరొకరిది! 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు కొట్టేశారు. గట్టు తెగితే లంక గ్రామాల కూలివాని పని కూడా పోయింది. రేపు కొల్లేటి తుంగకూ, బుట్టాయగూడెం అడవికీ కార్బన్ సొమ్ము వస్తే చెక్కు ఎవరి పేర రాస్తారు?

మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం 1992లో మొదలై వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. కాని వాటి వాటాలు జీవోల మీద నడిచాయి. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం, తరతరాలుగా కాపాడుకొస్తున్న ఊరుమ్మడి అడవి మీద గిరిజనులకు, అడవినే నమ్ముకున్న ఇతరులకు హక్కు ఇచ్చింది. గ్రామసభకు పెద్దరికం ఇచ్చింది. జీవోతో వచ్చినది మరో జీవోతో పోవచ్చు. చట్టంతో వచ్చినది అంత తేలికగా పోదు. డి.ఏ. జీవో కోసం ఎదురుచూసే మనకు ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

గుమాస్తాగా ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కనుక నేను కోరేవి మూడే. మొక్క నాటకముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టాలి. సొమ్ము ఆడవారితో సహా సభ్యుల ఖాతాలకే నేరుగా పోవాలి. జమా ఖర్చులు ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

సోదరులారా! మనకు నోట్ రాయడం వచ్చు, జీవో చదవడం వచ్చు, లెక్క తప్పితే పట్టుకోవడం వచ్చు. అడవి కాచేవారికి చాలాచోట్ల కొరవడినవి ఇవే. మన ఏజెన్సీ గ్రామాలకు నెలకొక రోజు ఇద్దరు పెన్షనర్లు వెళ్లి, హక్కు దరఖాస్తులు నింపిపెట్టి, లెక్కలు చూసిపెడితే ఎంతో మేలు. ఈ విషయాన్ని సంఘ కార్యవర్గం తీర్మానంగా స్వీకరించాలని కోరుతున్నాను.