గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్

ఆటలు నేర్పిన గురువు స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు మొదట తట్టిన పేరు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్‌ది. కళాశాల జట్టుకు శిక్షణనిచ్చి 408 విజయాలు సాధించిన మనిషి. ఆ సంఖ్య వెనకున్న చరిత్ర నేటి నా విషయం.

ఆయన 1919లో లూసియానాలో, పాలికి సేద్యం చేసే నల్లజాతి కుటుంబంలో పుట్టారు. డిగ్రీ చదివాక కూడా దొరికింది దాణా మిల్లులో కూలిపనే. 1941లో గ్రాంబ్లింగ్‌లోని నల్లవారి కళాశాల ఆయన్ను కోచ్‌గా తీసుకుంది. జీతం నెలకు 63.75 డాలర్లు. మైదానంలో గడ్డి కోసేదీ, సున్నంతో గీతలు గీసేదీ, ఆటగాళ్ల కాళ్లకు పట్టీలు చుట్టేదీ, ఆట ముగిశాక పత్రికలకు వార్త రాసేదీ ఆయనే. పొరుగూళ్లకు ఆడబోతే తిండి కట్టుకుపోవాల్సి వచ్చేది, నల్లవాళ్లని దారిలో హోటళ్లవాళ్లు వీళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. తొలి ఏడాది 3 ఆటలు గెలిచి 5 ఓడారు. మరుసటి ఏడాది ఆడిన 9 ఆటలూ గెలిచారు, ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు.

పొద్దున్నే హాస్టల్లో గంట మోగిస్తూ పిల్లల్ని లేపి క్లాసులకు తోలేవారు. ఆటెంత ముఖ్యమో పట్టా అంతే ముఖ్యం ఆయనకు. 1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ లాస్ ఏంజెలెస్ రామ్స్‌లో చేరాడు. నల్లవారి కళాశాల నుంచి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టిన మొదటివాడు అతనే. ఆ తర్వాత రెండు వందల మందికి పైగా వృత్తి జట్లకు వెళ్లారు.

అయితే క్వార్టర్‌బ్యాక్ స్థానం దగ్గర మాత్రం తలుపు మూసే ఉండేది. జట్టును నడిపించే ఆ స్థానానికి కావలసిన తెలివి నల్లవాళ్లకు లేదనేవారు. రాబిన్సన్ పట్టుబట్టి జేమ్స్ హ్యారిస్‌నూ, డగ్ విలియమ్స్‌నూ ఆ స్థానానికే తయారుచేశారు. 1988 జనవరిలో జరిగిన ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో విలియమ్స్ రెండో క్వార్టర్ ఒక్కదానిలోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు విసిరాడు. అతని జట్టు వాషింగ్టన్ 42–10తో డెన్వర్‌ను ఓడించింది. రాబిన్సన్ సాధించినవాటిలో ఆయన మైదానంలో లేని ఈ ఆటనే నేను అన్నిటికన్నా పైన పెడతాను.

1985లో డాలస్‌లో 324వ విజయంతో ఆయన అలబామా కోచ్ బేర్ బ్రయంట్ పేరిట ఉన్న అత్యధిక విజయాల రికార్డును దాటారు. చిన్న కళాశాలల మీద గెలుపులే కదా అని కొందరు తేలిక చేశారు. ఆ మాట అన్యాయం. దక్షిణాది పెద్ద కళాశాలలు దశాబ్దాల తరబడి నల్ల కుర్రాళ్లను చేర్చుకోలేదు, కాబట్టి గొప్ప ఆటగాళ్లెందరో ఈ చిన్న మైదానాల్లోనే ఆడారు. 1970ల నాటికి ఆ పెద్దవాళ్లు తలుపులు తెరిచారు. కోరుకున్న న్యాయమే వచ్చింది, దానితోపాటే గ్రాంబ్లింగ్‌కు రావలసిన మెరికలు అటు మళ్లారు. చివరి మూడేళ్లూ గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. 1997లో ఆయన తప్పుకున్నారు, 2007లో కన్నుమూశారు.

ఆయన కుర్చీలో తర్వాత కూర్చున్న కోచ్ డగ్ విలియమ్సే.