సొంత కారుతో రేస్ ట్రాక్ మీదికి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. అలాంటివి చూసి మన బోథ్ యువకులకు సొంత కారు సత్తా చూడాలనిపిస్తే, ఇచ్చోడ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మాత్రం దానికి చోటు కాదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. ట్రాక్ డే పెట్టినప్పుడు అక్కడ మామూలు కార్లనూ నడపనిస్తారు.

కొత్తవాళ్ల ధ్యాసంతా ఇంజిన్ మీదే ఉంటుంది. నేనైతే ముందు బ్రేకులు చూడమంటాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినది 155 దాటితే మరిగిపోవచ్చు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే వెళ్లేముందు ఆయిల్ మార్పించండి, ప్యాడ్లు చూపించండి. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లారనివ్వండి. ఆపాక వెంటనే హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు; గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టండి.

టైర్లు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, మధ్యమధ్య కొలవండి. హెల్మెట్ తప్పనిసరి. వెనక వేగంగా వచ్చేవాళ్లకు దారివ్వడం చిన్నతనం కాదు.

ఇంకో మాట: మామూలు కారు బీమా పందేలకూ వేగ పరీక్షలకూ వర్తించదు. పాలసీ కాగితం ముందే చదువుకోండి.